జాజుతో రాసిన కాగితం

మొన్నామధ్య మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఎవరో పాత ఫొటో ఒకటి పెట్టారు. బడి వరండా ముందు మూడు వరసల్లో మేము. గుండీలు మెడదాకా పెట్టుకున్న మగపిల్లలు, ఓణీ కొంగు గట్టిగా పట్టుకున్న ఆడపిల్లలు, మధ్యలో కుర్చీల్లో సార్లు. ఎవరెవరో గుర్తుపట్టడంతోనే ఆ రోజంతా గడిచిపోయింది. బట్టతలల మీద వేళాకోళాలు, పోయినవాళ్ళ పేర్ల కింద దండాలు. చివర్లో ఒకతను రాశాడు. "అడవి పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు ఒకడుండె గదా, ఫొటోలో లేడే. ఏమైనాడో ఎవరికన్నా తెలుసా?"

నేను ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను. కాసేపటికే ఫోను మోగింది. గాజుల దుకాణం వాళ్ళ అమ్మాయి. బళ్ళో నాదీ తనదీ ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా. ఇప్పుడు మనవళ్ళను ఎత్తుకు తిరుగుతోంది.

"చూసినావా?" అంది.

"చూసినా."

"ఏమన్నా రాద్దామా?"

"వద్దు," అన్నాను. ఇంట్లో ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి అన్నాను. ముప్పై ఏళ్ళు దాటినా ఆ భయం నాలో అట్లాగే ఉందని అప్పుడు తెలిసింది.

మాది పలకల ఊరు. మా నాయన ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా బూడిద రంగులోకి మారి ఉండేవి. వాకిట్లో తుండుగుడ్డ దులిపితే ఇల్లంతా కొత్త పలక వాసన వేసేది. అమ్మ జొన్నరొట్టె కాలుస్తూ "బయటే దులపమంటే ఇనవు గదా" అని విసుక్కునేది. నాయన నవ్వి, ఆ నవ్వు పూర్తికాకముందే దగ్గేవాడు. దగ్గు ఆగాక చింతకాయ తొక్కు నంజుకుని రొట్టె తినేవాడు. మా పేటలో మగవాళ్ళందరూ అట్లాగే దగ్గేవాళ్ళు కాబట్టి అది జబ్బని మాకు తోచేది కాదు.

ఆ కాలంలో మా వైపు పెద్దవాళ్ళు మెల్లగా మాట్లాడేవాళ్ళు. అడవి దగ్గర. అడవిలో అన్నలున్నారనేవాళ్ళు. బస్టాండు గోడల మీద, కల్లు దుకాణం తలుపు మీద ఉన్నట్టుండి ఎర్రసిరాతో రాసిన కాగితాలు కనిపించేవి. మర్నాడు పోలీసు జీపులు వచ్చేవి. యర్రగొండపాలెం బస్సు ఒక్కోరోజు రాదు. ఎందుకు రాలేదని డ్రైవరును ఎవరూ అడగరు. మా అవ్వ మాకొక నియమం పెట్టింది. "అన్నలు అనొద్దు, పోలీసోళ్ళు అనొద్దు. 'వాళ్ళు' అనండి, చాలు." దాంతో మా ఇంట్లో ఇద్దరూ 'వాళ్ళే' అయ్యారు. "నిన్న వాళ్ళు వచ్చినారంట" అని పక్కింటి పెద్దమ్మ అంటే ఎవరొచ్చారో మాకు తెలిసేది కాదు. తెలియకపోయినా భయపడేవాళ్ళం.

అయితే మా క్లాసుకు వాళ్ళందరికంటే లెక్కల సారంటేనే ఎక్కువ భయం. ఆయన సైకిలు గంట వినిపిస్తే వరండాలో ఆడుకునే ఆరో తరగతి పిల్లలు కూడా గోడకు అతుక్కుపోయేవాళ్ళు. వేళ్ళు మడిచి పెట్టమని, కణుపుల మీద చెక్క స్కేలు అంచుతో కొట్టేవాడు. దెబ్బలకు ఓర్చుకోవచ్చు. ముప్పై అయిదు రాకపోతే తండ్రిని పిలిపించి క్లాసు ముందు నిలబెట్టేవాడు. దానికి ఓర్చుకోలేకపోయేదాన్ని.

ఒకసారి మా నాయన పనిలోంచే వచ్చాడు. దుమ్ముకొట్టుకున్న చొక్కాతో, చేతులు కట్టుకుని నల్లబల్ల పక్కన నిలబడ్డాడు. "నీ బిడ్డకు చదువెందుకయ్యా, ఫ్యాక్టరీలో పలకలు తుడిచేదానికి పంపు, కూలన్నా వస్తాది," అన్నాడు సారు. క్లాసంతా నవ్వింది. నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. ఇంటికొచ్చాక ఒకటే మాట అన్నాడు. "ఈసారి గూడా తప్పితే నన్ను అక్కడికి పిలిపించొద్దమ్మా. మానేద్దువులే."

దసరా సెలవుల ముందు క్వార్టర్లీ పరీక్షలు. సీతాఫలాల కాలం. హాస్టల్లో ఉండే ఆ అబ్బాయి శనివారం పల్లెకు పోయి సోమవారం వచ్చేటప్పుడు గుడ్డసంచీ నిండా సీతాఫలాలు తెచ్చేవాడు. వాళ్ళవి గొర్రెలు. అతని చొక్కాకు ఎప్పుడూ మంద వాసన ఉండేదని మేము ముక్కు మూసుకునేవాళ్ళం. పండ్లు మాత్రం తీసుకునేవాళ్ళం. చివరి బెంచీలో కూచునేవాడు. ఎవరైనా పలకరిస్తే నేల చూసి జవాబు చెప్పేవాడు. అంతకుమించి అతని గురించి మాకేమీ తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు.

లెక్కల పరీక్ష ముందురోజు నాకు అన్నం సయించలేదు. పుస్తకం తెరిస్తే నల్లబల్ల పక్కన నాయన కనిపిస్తున్నాడు. సాయంత్రం గాజుల దుకాణం అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అమ్మ పండక్కి గడపలకు పూయడానికి కొత్త ముంతలో జాజు ఎర్రమన్ను నానబెట్టి ఉంచింది. నా స్నేహితురాలు ఆ ఎర్రటి ముంతకేసి చాలాసేపు చూసి, "ఒసే, బస్టాండులో కాగితం పడితే ఒకరోజు దుకాణాలన్నీ బంద్ చేసినారు గదా. బడికి పడితే?" అంది.

మొదట ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నవ్వడం మానేశాం.

పాత క్యాలెండరు కాగితం వెనకవైపు, వేపపుల్ల నమిలి కుంచె చేసి, జాజుతో నేనే రాశాను. తను రాస్తే తప్పులు దొర్లుతాయి. ఎడమచేత్తో రాయమంది కానీ ఎడమచేతి రాత ఎవరూ చదవలేరేమోనని కుడిచేత్తోనే రాశాను. 'నేటి లెక్కల పరీక్ష బహిష్కరించండి. పిల్లలను కొట్టే సార్లకు ఇదే హెచ్చరిక. దళం.' 'పిల్లలను' దగ్గర చెయ్యి వణకలేదు. 'సార్లకు' దగ్గర ఎందుకో సంతోషం వేసింది. 'దళం' రాసేటప్పుడు మాత్రం వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది.

తెల్లవారుజామున మేము బిందెలు తీసుకుని బడి పక్క కొళాయికి నీళ్ళకు పోవడం మామూలే. ఆ రోజు బిందెలో కాగితం, కొంగులో నాలుగు అన్నం ముద్దలు. మెతుకులు నలిపి గేటుకు అంటించాం. ఎవరూ చూడలేదు. నీళ్ళు పట్టుకుని ఇంటికొచ్చేశాం.

బడి వేళకు గేటు ముందు జనం. కాగితాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. హెడ్మాస్టరు దూరంగా నిలబడి చదివి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని మళ్ళీ చదివాడు. "పిల్లలంతా ఇండ్లకు పోండి. గుంపులుగా పోవద్దు," అన్నాడు. మేమిద్దరం బొరుగులూ మిరపకాయ బజ్జీలూ కొనుక్కుని, మా ఇంటి వెనక కూచుని తిన్నాం. కారానికి కళ్ళ నీళ్ళు కారుతుంటే నవ్వాం. ఆ సంతోషం బజ్జీలు అయిపోయేదాకానే ఉంది. మధ్యాహ్నం రెండు జీపులు మా వీధిలోంచే బడివైపు పోయాయి. బయటి నుంచి వచ్చిన పోలీసులట. అవ్వ తలుపు వేసి గొళ్ళెం పెట్టింది.

మర్నాడు పదో తరగతి వాళ్ళందరూ తెలుగు నోటుపుస్తకాలు తీసుకుని రావాలని కబురొచ్చింది.

వరండాలో వరసగా నిలబెట్టారు. హెడ్మాస్టరు కుర్చీలో ఒక అధికారి కూచున్నాడు. బల్ల మీద మా కాగితం. ఎండకు జాజు పొడిపొడిగా రాలుతోంది. ఆయన పక్కన లెక్కల సారు నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. ఒక చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. ఉదయమే భార్యనూ పిల్లలనూ పొదిలి బస్సెక్కించి పుట్టింటికి పంపేశాడని పిల్లలు గుసగుసలాడుకున్నారు. అంతటి మనిషి నా కాగితానికి ఇట్లా అయిపోయాడంటే నాకు గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు.

రాతలు పోల్చి చూడమని తెలుగు సారుకు చెప్పారు. ఆయన మెతకమనిషి. అందరినీ తల్లీ, నాయనా అని పిలిచేవాడు. ఒక్కో పుస్తకం తెరిచి చూసి పక్కన పెడుతున్నాడు. నాది వచ్చింది. నేను 'ళ' రాసేటప్పుడు తోక కిందికి లాగి లోపలికి చుట్టేదాన్ని. అందంగా ఉంటుందని ఆయనే మెచ్చుకున్నాడు. 'దళం'లో కూడా అట్లాగే చుట్టానని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆయన పేజీ తిప్పలేదు. కాగితం వైపు చూశాడు. మళ్ళీ పుస్తకం చూశాడు. పక్కన నా స్నేహితురాలు పెదవులు కదిలిస్తోంది, తనకు వచ్చిన దువా ఏదో చదువుకుంటూ.

"ఇది కాదు," అని తెలుగు సారు పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడే అధికారి ఆ హాస్టలు అబ్బాయి వైపు వేలు చూపించాడు.

"ఏ ఊర్రా నీది?"

అతను ఊరి పేరు చెప్పాడు.

"అడవి పక్కనేనా?"

"అవు సార్."

"మొన్న ఊరికి పోయినావా?"

"పోయినా సార్. మా నాయన జొన్నలు తీసకపొమ్మంటే..."

"రాతలు కలవలేదు సార్," అన్నాడు తెలుగు సారు.

"రాసినోడు ఒకడు, తెచ్చినోడు ఒకడు ఉంటాడులే మాస్టారూ," అన్నాడు అధికారి.

అతన్ని జీపు వెనక ఎక్కించారు. ఏడవలేదు. ఒక చెప్పు జారి కిందపడితే, తీసుకోవచ్చా అన్నట్టు కానిస్టేబుల్ వైపు చూశాడు. జీపు కదిలింది. ఆ చెప్పు వరండా ముందు అట్లాగే ఉండిపోయింది. మా క్లాసులో నలభై మందిమి ఉన్నాం. ఒక్కరం కూడా నోరు తెరవలేదు.

ఇంటికి పోయే దారిలో నా స్నేహితురాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా అమ్మ మీద ఒట్టు, మీ అమ్మ మీద ఒట్టు. చెప్పొద్దు," అంది. గోళ్ళు గుచ్చుకున్నాయి. ఇద్దరం ఒట్టేసుకున్నాం.

మర్నాడు నీళ్ళకు పోతే స్టేషను ఎదురుగా వేపచెట్టు కింద ఒక మనిషి కూచుని ఉన్నాడు. భుజాన గొంగళి, పక్కన కర్ర, గుడ్డలో కట్టిన రొట్టెలు. నా బిందె చూసి నీళ్ళడిగాడు. దోసిట్లో పోశాను. తాగి, మూతి తుడుచుకుని, నా వైపు చూశాడు.

"అమ్మణ్ణీ, పెద్దబడిలో సదువుతావా?"

తలూపాను.

"మావోడు నీ కలాసేనా? పదోది. వాణ్ణి లోపల కూసోబెట్టినారు. ఏమో కాగితమంట. మావోడు అట్టాంటోడు గాదు తల్లీ." స్టేషను వైపు చూసి అడిగాడు. "పరీచ్చ మళ్ళా ఎప్పుడు పెడతారంట? అప్పటికన్నా ఇడుస్తారంటావా?"

నోరు తెరిచాను. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. స్టేషను మెట్ల మీద నిలబడిన కానిస్టేబుల్ మా వైపు తల తిప్పాడు. బిందె ఎత్తుకుని పరిగెత్తాను. నీళ్ళు వొలికి ఓణీ అంతా తడిసింది. వెనక నుంచి ఆ మనిషి, "పదిలం తల్లీ, పడతావు," అంటున్నాడు.

ఆ మధ్యాహ్నం నాయన అన్నానికి వచ్చినప్పుడు చెప్పేశాను. అమ్మ దొడ్లో ఉంది. చెబుతుంటే నాయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా అట్లాగే పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. లేచి వీధి తలుపు వేశాడు. కిటికీ వేశాడు. చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి నా ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఇంకెవరికి తెలుసు?"

చెప్పాను. తెలుగు సారు సంగతి కూడా.

"ఇంక ఎవరికీ చెప్పాకు. మీ అమ్మకు గూడా. తెలిస్తే నిన్ను గాదు, నన్ను తీసకపోతారు. నేను పోతే మీకు కూడెవరు పెడతారు?" ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. మా నాయన భయపడటం నేను మొదటిసారి చూశాను. ఫ్యాక్టరీలో బెల్టు తెగి పక్కవాడి వేళ్ళు పోయిన రోజు కూడా ఆయన మర్నాడు మామూలుగా పనికి పోయాడు.

ఆ రోజు మాత్రం పనికి పోలేదు. తెలుగు సారు ఇంటికి పోయాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఇద్దరూ కలిసి హెడ్మాస్టరును వెంటబెట్టుకుని స్టేషనుకు పోయారు. పిల్లవాడు మంచివాడని, తాము పూచీ ఉంటామని చెప్పి కాగితం మీద సంతకాలు పెట్టి వచ్చారు. రాసిందెవరో మాత్రం చెప్పలేదు. మూడో రోజు అతన్ని వదిలారు. వాళ్ళ నాయన బడివైపు కూడా రాకుండా నేరుగా బస్సెక్కించి తీసుకుపోయాడు.

అతను తిరిగి రాలేదు. హాస్టల్లో అతని పెట్టె చాలా రోజులు ఉండి, తర్వాత అదీ కనిపించలేదు. తెలుగు సారు రెండు ఉత్తరాలు రాశాడని విన్నాను. లెక్కల సారు మమ్మల్ని మళ్ళీ కొట్టలేదు. పగటిపూట కూడా క్లాసు కిటికీలు వేయించి, మా మొహాలు చూడకుండా నల్లబల్లతోనే మాట్లాడేవాడు. సంక్రాంతి తర్వాత బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. అందరూ హాయిగా ఉందన్నారు. నాకు ఆ హాయి తెలియలేదు. వీధిలో జీపు శబ్దం వినపడితే బెంచీ అంచు పట్టుకునేదాన్ని.

ఒకరోజు తెలుగు సారు పుస్తకాలు తిరిగి ఇస్తూ, నాది నా చేతికి ఇచ్చేటప్పుడు మెల్లగా అన్నాడు. "ళ రాసే తీరు మార్చుకో తల్లీ." అంతే. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నాయన కూడా ఎత్తలేదు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి మంచాన పడ్డ చివరి రోజుల్లో, ఎవరూ లేనప్పుడు ఒకసారి, "ఆ పిలగాడు ఏమైనాడో కనుక్కోకపోతిమి," అన్నాడు. అప్పుడు కూడా నేను కనుక్కోలేదు.

గ్రూపులో ఏమీ రాయలేదు కానీ, నాయన ఆ మాట నన్ను వదలక, ఫొటో వచ్చిన నాలుగో రోజు నేనూ నా స్నేహితురాలూ యర్రగొండపాలెం బస్సెక్కాం. అక్కడి నుంచి ఆటో. దారి పొడుగునా తను తస్బీ పూసలు తిప్పుతూనే ఉంది. "మనవళ్ళున్నోళ్ళం. ఇప్పుడు మనల్ని ఎవరేం చేస్తారే?" అంది. నాకు ధైర్యం చెబుతోందో తనకే చెప్పుకుంటోందో తెలియలేదు.

పల్లెలో అడిగితే వెంటనే చూపించారు. కంప దొడ్డి పక్కన గొర్రెపిల్లకు పాలు పట్టిస్తున్నాడు. తల నెరిసింది. మమ్మల్ని గుర్తుపట్టలేదు. చెప్పాక నులకమంచం వాల్చాడు. మనవరాలిని పిలిచి మజ్జిగ తెమ్మన్నాడు. ఎవరెవరు ఎక్కడున్నారని అడిగాడు. తెలుగు సారు పోయాడంటే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

మజ్జిగ తాగడం అయ్యాక చెప్పాను. ముంతలో జాజు దగ్గర మొదలుపెట్టి, వేపచెట్టు కింద వాళ్ళ నాయన దాకా. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పాను. నా స్నేహితురాలు తల దించుకుని ఏడుస్తోంది.

గొర్రెపిల్ల వచ్చి అతని మోకాలికి తల రుద్దుతోంది.

"నన్ను కొట్టలే," అన్నాడు చివరికి. "ఒక మూల కూసోబెట్టినారు, అంతే. పక్కగదిలో ఇంకెవరినో కొడతాంటే ఇనపడేది. ఆయన అరుపు ఆగినప్పుడల్లా ఇంక నా వంతేమో అనుకునేటోణ్ణి. రెండు రోజులు."

అతను గొర్రెపిల్లను ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నా చేత గూడా రాయించినారు. ఆ కాగితంలో మాటలే, ఇరవై సార్లో ముప్పై సార్లో. చూసి, పోల్చి, మళ్ళా రాయమనేటోళ్ళు. దాని తర్వాత రాత ముట్టుకోలే నేను. బ్యాంకులో గూడా ఏలిముద్రే ఏస్తా. పది దాకా సదివినోడివి ఏలిముద్రేంది అని మా కోడలు నవ్వుతాది." అతను తన బొటనవేలిని చూసుకున్నాడు. "రాస్తే ఎవరి రాతతో పోలుస్తారో ఏమో అని."

నా స్నేహితురాలు లేచి అతని కాళ్ళు పట్టుకోబోయింది. "వద్దక్కా, వద్దు," అని వెనక్కి జరిగాడు. క్షమించానని అనలేదు. కోప్పడనూ లేదు. క్షమించమని నేనూ అడగలేదు. ఎండ వాలింది. ఆటోవాడు హారను కొట్టాడు. లేచి నిలబడ్డాం.

వాకిలి దాకా వచ్చి, అతను ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"మళ్ళా పెట్టినారా ఆ పరీక్ష?"

"పెట్టినారు. దసరా అయినాక."

"ఆ రోజుకు నేను లెక్కలన్నీ చేసి పెట్టుకున్నా. పుస్తకంలో ఒక్కటి ఇడిసిపెట్టలే. గొర్రెల ఎనక తిరుగుతా మూడు ఆదివారాలు నేర్చుకున్నా." అని కాసేపు నేల చూశాడు. తర్వాత నా మొహంలోకి సూటిగా చూసి అడిగాడు. "ఏమేం లెక్కలు ఇచ్చినారు అందులో?"

నేను నా స్నేహితురాలి వైపు చూశాను. తను నా వైపు చూసింది. అతను తలుపు పట్టుకుని జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఎంత తడుముకున్నా ఆ పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా నాకు గుర్తు రాలేదు.